కోడి చచ్చాక లేచి డబ్బులివ్వాలి

ఫైలు పైన స్కూలు వాళ్ళు రాసి పంపిన మాట ‘వయొలెంట్ బిహేవియర్’. లోపల డైరీ పేజీ జిరాక్సు. తోటి పాప గొంతు మీద స్కేలు పెట్టి కోసినట్టు చేశాడు, ఇంతకుముందు రెండుసార్లు హెచ్చరించాం, కౌన్సెలింగ్ చేయించి లెటర్ తెస్తేనే క్లాసులో కూర్చోబెడతాం అని ఉంది. పిల్లాడి వయసు ఐదేళ్ల రెండు నెలలు. యూకేజీ.

ఆటల ద్వారా పిల్లలకి చికిత్స చేయడం నా పని, అలా నా దగ్గరికొచ్చింది ఆ ఫైలు. పిల్లాణ్ణి ఇక్కడ చిన్నా అంటాను. అమ్మానాన్నల అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ఒక్కటి మాత్రం మార్చడం కుదరలేదు, కేసంతా దాని చుట్టూనే తిరిగింది కాబట్టి. వాళ్ళ నాన్నది చికెన్ షాపు.

మొదటి రోజు ఆయన షాపు మూసి నేరుగా వచ్చాడు. “ఎన్నిసార్లు కడుక్కున్నా వాసన పోదండీ” అని తనే అని, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. “మా పని చూసే నేర్చుకున్నాడు మేడం. అందుకే షాపుకి రానివ్వడం మానేశాం. ఫోను కూడా ఇవ్వట్లేదు” అన్నాడు. తల్లికి అంతకంటే పెద్ద భయం. చిన్నప్పుడు కత్తులతో ఆడేవాళ్ళే పెద్దయ్యాక రౌడీలవుతారని ఎవరో రీల్‌లో చెప్పారట. పాప వాళ్ళమ్మ క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌ని చిన్నా తల్లే నాకు చూపించింది. “నన్ను కోసి కవర్లో పెట్టాడు అని మా పాప చెప్తోంది.” దాని కింద వరసగా కోపం ఎమోజీలు.

నేను అడగాల్సినవన్నీ అడిగాను. ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటారా, మాటలు ఎప్పుడొచ్చాయి, ఫోన్లో ఏం చూస్తాడు, కుక్కపిల్లల్నీ పిల్లుల్నీ ఏమైనా చేస్తాడా. ఆ ఆఖరి ప్రశ్నకి తండ్రి కొంచెం నొచ్చుకున్నాడు. “జాలీ దగ్గర కూర్చుని కోళ్ళకి నీళ్ళు పోసేది వాడేనండీ.” నిద్ర గురించి అడిగితే బాగానే పడుకుంటాడన్నారు. మూడోసారి అడిగినప్పుడు, ఈ మధ్య మళ్ళీ పక్క తడుపుతున్నాడని తల్లి చెప్పింది. ఎప్పట్నుంచి అంటే, “రెండు మూడు నెలల్నుంచి అనుకుంటా”. నోట్సులో రాసుకున్నాను, కింద గీత కూడా గీయకుండా పేజీ తిప్పేశాను. ఈ కేసులో నేను చేసిన మొదటి పొరపాటు అది.

మొదటి సెషన్

మా గదిలో ఒక ఇసుక తొట్టి, బొమ్మల కుటుంబం, వంటసామాను, డాక్టర్ కిట్టు, నాలుగైదు బళ్ళు, ఒక రబ్బరు కత్తి ఉంటాయి. కత్తి ఎందుకు పెట్టారని చాలామంది అడుగుతారు. 1940లలో వర్జీనియా ఆక్స్‌లైన్ అనే అమెరికన్ సైకాలజిస్టు స్థిరపరిచిన ఆట చికిత్స పద్ధతిలో పిల్లాడు ముందు నడుస్తాడు, మనం వెనక నడుస్తాం. హద్దులు చాలా కొన్నే ఉంటాయి. నా గదిలో చెప్పే హద్దు ఒకటే: “నీకు గానీ నాకు గానీ దెబ్బ తగలకూడదు. మిగతాదంతా ఉత్తుత్తే.”

చిన్నా కత్తి వైపు చూశాడు, నా వైపు చూశాడు, అవతల అమ్మ కూర్చున్న తలుపు వైపు చూశాడు. కత్తి ముట్టుకోలేదు. ఇరవై నిమిషాలు ఒక చిన్న ఆటో బొమ్మతోనే గడిపాడు. టేబుల్ అంచు దాకా నెమ్మదిగా తోసుకెళ్ళడం, అక్కడ పక్కకి పడేయడం, తీసి మళ్ళీ మొదటి నుంచి తోయడం. బుద్ధిగా, చప్పుడు లేకుండా. గదికి అలవాటు పడుతున్నాడు అనుకున్నాను.

తర్వాత లేచొచ్చి, కత్తి తీసుకుని, చాలా మర్యాదగా అడిగాడు. “నువ్వు కోడివి అవుతావా?”

ఇలాంటప్పుడు పిల్లల్ని నేను గుసగుసగా అడుగుతాను, ఆట బయట నుంచి అడుగుతున్నానని వాళ్ళకి తెలియడానికి. “కోడి ఏం చేయాలి?”

వాడూ గుసగుసగానే చెప్పాడు. “అరవాలి. తర్వాత చచ్చిపోవాలి. తర్వాత లేచి డబ్బులివ్వాలి.”

అరిచాను. నా చేతులు రెండూ వెనక్కి మడిచి పట్టుకున్నాడు, అచ్చం రెక్కలు పట్టినట్టే. కానీ వేళ్ళలో బిగువు లేదు. కత్తి నా మెడకి జానెడు దూరంలో గాల్లోనే ఆడింది. చెత్తబుట్ట డ్రమ్ము అయింది, నా బదులు ఒక దిండు అందులోకి వెళ్ళింది. నేను చచ్చి పడుంటే, “స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా?” అని నన్నే అడిగాడు. స్కిన్‌లెస్ అన్నాను. దిండు గలేబు ఊడదీశాడు. “కందనకాయలు వేయమంటారా? పీసులు చిన్నవి కొట్టమంటారా?” కోడిగా ఉన్నంతసేపూ నన్ను నువ్వు అన్నవాడు, కస్టమర్ని అవగానే మీరు అంటున్నాడు. చెక్క దిమ్మ మీద పెట్టి తూకం వేశాడు, కవర్లో పెట్టిచ్చాడు, చిల్లర లేదని లేని చాక్లెట్ ఒకటి చేతిలో పెట్టాడు.

పావుగంట ఆటలో పీక కోయడానికి పట్టింది రెండు సెకన్లు. మిగతా అంతా వ్యాపారం.

ఉత్తుత్తి, తూచ్

కేసుని కాసేపు ఆపి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే స్కూలుకి నేను రాసిన లెటర్ అంతా దీని మీదే.

గ్రెగరీ బేట్సన్ అనే మానవశాస్త్రవేత్త 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో జూలో రెండు కోతి పిల్లలు కలబడి ఆడుకోవడం చూశాడు. చూసేవాళ్ళకి అది పోట్లాటలాగే ఉంది. కానీ అది పోట్లాట కాదని ఆయనకి తెలుస్తోంది, కోతులకీ తెలుస్తోంది. అంటే కరుస్తూనే ‘ఇది కరవడం కాదు’ అని ఒకదానికొకటి చెప్పుకోగలుగుతున్నాయి. దీని మీద ఆయన 1955లో అచ్చేసిన వ్యాసాన్ని ఆట గురించి చదివేవాళ్ళు ఇప్పటికీ చదువుతారు. మన పిల్లలు ఆ వ్యాసం అక్కర్లేకుండానే దానికి మాటలు పెట్టుకున్నారు. ఉత్తుత్తి అన్నారంటే ఆట మొదలైంది. తూచ్ అన్నారంటే ఇప్పటిదాకా జరిగింది లెక్కలోకి రాదు. మరీ చిన్నవాడైతే ఆటలో అరటిపండు, వాణ్ణి చంపినా చచ్చినట్టు కాదు. చెడుగుడులో చచ్చినవాడు తన జట్టుకి పాయింటు రాగానే బతికి లోపలికొస్తాడు. దొంగా పోలీసులో కాల్చిన తుపాకీ చూపుడువేలు.

పెద్దవాళ్ళం మనకీ ఇది తెలుసు. వినాయక చవితి నాడు ఇంటింటా వ్రతకథ చదువుతారు. తండ్రి కన్నకొడుకు తల నరికేస్తాడు, ఏనుగు తల తెచ్చి అతికిస్తారు, కొడుకు లేచి కూర్చుంటాడు. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని మూడేళ్ల పిల్లలు కూడా ఆ కథ వింటారు. దీనివల్ల పిల్లలు పాడైపోతారని ఏ స్కూలూ డైరీలో రాయదు. ఆ కథలోనూ చచ్చినవాడు లేస్తాడు.

ఆటలో హింసని ఎందుకు ఒప్పుకోవచ్చు అంటే, ‘లోపలి కోపం అలా బయటికి పోతుంది’ అని మా వృత్తిలో చాలామంది చెబుతారు. నేను చెప్పను. దిండుని గుద్దితే కోపం తగ్గుతుందనే మాట ప్రయోగాల్లో నిలవలేదు. నేను ఒప్పుకునే కారణం వేరు. ఆ ఆటలో ఇద్దరి ఒప్పందం ఉంది, చచ్చినవాడికి లేచే హక్కు ఉంది, చాలు అంటే ఆగే తాళం ఉంది. ఈ మూడూ ఉన్నంతవరకు ఎంత రక్తం పారినా నాకు టెన్షన్ లేదు. ఇవి లేకపోతే బొమ్మలకి అన్నం తినిపించే ఆటకి కూడా టెన్షన్ పడతాను.

స్కూల్లో

ప్రిన్సిపాల్ గారు చదువుకున్న మనిషి. కుర్చీలో కూర్చోగానే సైకాలజిస్టు ఆల్బర్ట్ బండూరా చేసిన ప్రయోగం ఎత్తారు. 1961లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ స్కూల్లో 72 మంది పిల్లల మీద చేసింది. పెద్దవాళ్ళు గాలి బొమ్మని సుత్తితో, చేతులతో కొడుతుంటే చూసిన పిల్లలు తర్వాత తామూ అలాగే కొట్టారు. నిజమే. పిల్లలు చూసింది చేస్తారని అది చూపించింది. కానీ అక్కడ కొట్టింది బొమ్మని, అదీ కొడితే మళ్ళీ లేచి నిలబడేలా తయారు చేసిన బొమ్మని. పక్కపిల్లాణ్ణి కొడతారా అన్నది ఆ గదిలో ఎవరూ చూడలేదు. చిన్నా కూడా చూసిందే చేస్తున్నాడు. వాళ్ళ నాన్న చేసే పని చేస్తున్నాడు. వాళ్ళ నాన్న డాక్టరై ఉండి, చిన్నా పాప చేతికి పెన్సిల్‌తో సూది వేసి ఉంటే మనం ఫోటో తీసి గ్రూపులో పెట్టేవాళ్ళం కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ పక్షాన కూడా ఒక మాట ఉంది, దాచడం న్యాయం కాదు. జూడీ డన్, క్లేర్ హ్యూస్ అనే సైకాలజిస్టులు లండన్‌లో నాలుగేళ్ల పిల్లల ఆట గమనించి 2001లో రాసినదాని ప్రకారం, ఊహల ఆటలో చంపడాలు, నరకడాలు ఎక్కువగా ఉన్న పిల్లల్లో కోపతాపాలూ తగాదాలూ కూడా ఎక్కువ కనిపించాయి. ఆ ఆట వల్లే అలా అయ్యారని దాని అర్థం కాదు. కానీ ఒక పిల్లాడు రోజూ, ఎవరితో ఆడినా, చంపడం తప్ప ఇంకో కథ అల్లలేకపోతుంటే నేనూ ఆగి చూస్తాను. అదే బ్రిటన్‌లో నర్సరీల్లో తుపాకీ, కత్తి ఆటల మీద పూర్తి నిషేధం పెట్టి, తర్వాత సడలించి చూసిన అనుభవాన్ని పెన్నీ హాలండ్ 2003లో రాశారు. నిషేధం ఉన్నప్పుడు ఆ పిల్లలకి రోజంతా వినిపించింది ‘వద్దు’ ఒక్కటే. వాళ్ళు పిడికిట్లో తుపాకీ దాచుకుని, టీచర్ అడిగితే ఇది నీళ్ళ పైపు అని అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు. మన దగ్గరా అంతే.

ఇంటర్వెల్‌లో గ్రౌండు పక్కన నిలబడి చూశాను. నేను చూసేది ఆయుధం కాదు, ముఖం. నిక్ బ్లర్టన్ జోన్స్ 1967లో నర్సరీ పిల్లల కలబడే ఆట మీద రాసినప్పటి నుంచీ ఈ గుర్తులు పెద్దగా మారలేదు. నవ్వుముఖం, గంతులు, తరిమినవాడు కాసేపటికి తరమబడేవాడు అవడం. నిజం పోట్లాటలో చూపు బిగుసుకుంటుంది, అయ్యాక ఇద్దరూ చెరో దిక్కుకి పోతారు. ఆటలో అయ్యాక కూడా కలిసే ఉంటారు. చిన్నా గుంపులో నలుగురున్నారు. ముగ్గురు కోళ్ళు. కోళ్ళే వచ్చి క్యూలో నిలబడుతున్నాయి.

ఈ సంగతి నాకంటే ముందే కనిపెట్టింది ఆ క్లాసు ఆయా. “వాళ్ళు ఆడుకుంటున్నారమ్మా, కొట్టుకోవట్లేదు. కొట్టుకుంటే నాకు తెలీదా?” అంది. మరి పాప ఏడ్చింది కదా అంటే ఆవిడ చెప్పింది విని నాకు కాసేపు మాట రాలేదు. పాప ఏడ్చింది స్కేలు పెట్టినందుకు కాదట. కోసి కవర్లో పెట్టాక తన వంతు రావాలి, కత్తి తనకివ్వాలి. బెల్లు కొట్టేశారు, చిన్నా ఇవ్వలేదు. ఇంటికెళ్ళి అదే చెప్పింది, నన్ను కోసి కవర్లో పెట్టాడు అని. ఫిర్యాదులో మిగిలిన సగం వాట్సాప్ దాకా రాలేదు.

అయినా స్కేలు ప్లాస్టిక్‌దే గానీ అంచు పదును, పెట్టింది మెడ మీద. టీచర్ ఆపడం తప్పు కాదు. ఆపి, ఆ ఆటకి రౌడీయిజం అని పేరు పెట్టడం తప్పు.

ఇక్కడితో లెటర్ రాసి కేసు మూసేయొచ్చు. నిజానికి రాయడం మొదలుపెట్టాను కూడా.

ఆటో

మూడో సెషన్‌లో చిన్నా మళ్ళీ ఆటో తీశాడు. టేబుల్ అంచు, పక్కకి పడటం, మళ్ళీ మొదటి నుంచి. నోట్సు తిరగేస్తే మూడు సెషన్లలోనూ అదే ఆట, అదే వేగం, అదే అంచు. నోటితో ‘డుర్ర్’ అనే చప్పుడు కూడా లేదు. ఐదేళ్ల పిల్లాడు బండి తోస్తూ నోటితో చప్పుడు చేయకపోవడం మీరెప్పుడైనా చూశారా? కోడి ఆటలో ప్రతిసారీ ఏదో ఒకటి మారేది. ఒకసారి కోడి బేరమాడింది, ఒకసారి కరెంటు పోయి కాటా పనిచేయలేదు. ఆటో ఆటలో ఏదీ మారలేదు. అందులో ఎవరూ చావట్లేదు, కత్తి లేదు, అరుపు లేదు. తల్లి ఇంట్లో ఈ ఆట చూసి మురిసిపోయేదట, “ఇదైనా బుద్ధిగా ఆడుకుంటాడు” అని.

1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లా దగ్గర 26 మంది పిల్లలున్న స్కూలు బస్సుని కొందరు ఎత్తుకెళ్ళి, పిల్లల్ని భూమిలో పాతిన ఒక లారీ డబ్బాలో పెట్టారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత ఆ పిల్లలతో మాట్లాడిన సైకియాట్రిస్టు లెనోర్ టెర్, వాళ్ళ ఆటలో ఒక తేడా గమనించింది. ఒకే ఆట పదేపదే ఆడటం, అందులో సంతోషం లేకపోవడం, ఎన్నిసార్లు ఆడినా భయం తగ్గకపోవడం. మానసిక రుగ్మతల్ని గుర్తించడానికి సైకియాట్రిస్టులు వాడే పుస్తకం డీఎస్‌ఎమ్-5 (2013)లో, పెద్ద ప్రమాదం తర్వాత మిగిలే మానసిక గాయం గురించి చిన్నపిల్లలకి విడిగా రాసిన భాగంలో కూడా, పిల్లాడు జరిగినదాన్ని ఆటలో మళ్ళీ మళ్ళీ ఆడటాన్ని జ్ఞాపకం తోసుకురావడంగా చూడాలనీ, పైకి బాధగా కనిపించకపోవచ్చనీ ఉంది.

తల్లికి ఫోన్ చేసి ఆటో గురించి అడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం. మూడు నెలల కిందట నాయనమ్మతో షేర్ ఆటోలో గుడికెళ్ళి వస్తుంటే మలుపులో ఆటో పక్కకి పడిపోయింది. నాయనమ్మకి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు మేనత్త వాళ్ళింట్లో ఉంది. “వీడికి గీత కూడా పడలేదండీ, దేవుడి దయ. అందుకే మీకు చెప్పలేదు.” చిన్నాకి ఏం చెప్పారు? “నాయనమ్మ ఊరెళ్ళిందని చెప్పాం.” నిరుడు పక్కింటి తాత పోయినప్పుడు కూడా వాడికి ఇదే మాట చెప్పారట, తాత ఊరెళ్ళాడని. ఆ తాత తిరిగి రాలేదు.

ఇక నా రెండో పొరపాటు. నాలుగో సెషన్‌లో, అంతా తెలిసిపోయిందన్న ఉత్సాహంతో, ఆటో పడగానే నేను డాక్టర్ బొమ్మని తెచ్చి పక్కన నిలబెట్టాను. “డాక్టర్ వచ్చాడు, అందరూ బాగైపోతారు” అన్నాను. వాడు బొమ్మని చేత్తో తోసేశాడు. ఐదో సెషన్‌లో గదిలో ఏ వస్తువూ ముట్టుకోలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆరో సెషన్‌లోనూ దాదాపు అంతే. కథ వాడిది. ముగింపు నేను లాక్కున్నాను.

ఏడో సెషన్‌లో వాడే వచ్చి మళ్ళీ అడిగాడు, “కోడివి అవుతావా?” ఎప్పట్లాగే అరిచాను, చచ్చాను. డబ్బులు అడగలేదు. దిండుని కుర్చీలో పడుకోబెట్టి, “ఇది ఆసుపత్రికెళ్ళాలి” అన్నాడు. కుర్చీ ఆటో అయింది. గది మూలకి తోసుకెళ్ళి, అక్కడ వంచాడు. దిండు కింద పడింది. వాడి ముఖం ఆటో ఆట ఆడేటప్పటి ముఖమైపోయింది.

“ఇప్పుడు కోడి ఏం చేయాలి?” గుసగుసగా అడిగాను.

చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత “తూచ్” అన్నాడు.

దిండు తీసి కుర్చీలో పెట్టి, మళ్ళీ తోశాడు. మూల దగ్గర నెమ్మదిగా తిప్పాడు. ఈసారి ‘డుర్ర్’ మంటూ. ఆసుపత్రి చేరింది. అప్పుడు నా వైపు తిరిగి, మామూలు గొంతుతో అడిగాడు. “నాయనమ్మ చచ్చిపోయిందా?”

లేదని చెప్పాను. కాలికి ఆపరేషన్ అయిందని, అత్త వాళ్ళింట్లో ఉందని, నడవడం మళ్ళీ నేర్చుకుంటోందని చెప్పాను. విని, “నేనే ముందు కూర్చుంటానన్నా” అన్నాడు. ఆ రోజు డ్రైవర్ పక్కన కూర్చుంటానని మారాం చేశాడట, డ్రైవర్ జరిగి చోటిచ్చాడట. మూడు నెలలుగా వాడు మోస్తున్నది ఇది. నువ్వు ముందు కూర్చున్నందుకు ఆటో పడలేదు అని చెప్పాను. అదే మాట ఆ వారంలో వాళ్ళ నాన్నతోనూ, వీడియో కాల్‌లో నాయనమ్మతోనూ చెప్పించాను. ఒక్కసారి చెబితే నమ్మే విషయం కాదు అది.

తర్వాత

మొత్తం పదకొండు సెషన్లు. రోగం పేరు ఏదీ పెట్టలేదు, లక్షణాలు అంతవరకు లేవు. ఎనిమిదో వారానికి పక్క తడపడం తగ్గింది, పదోవారానికి ఆగింది. షాపుకి మళ్ళీ రానివ్వమని తండ్రికి చెప్పాను. ఆయనకి అదే పెద్ద ఊరట అనుకుంటా. ఆ రోజు కుర్చీ వెనక్కి జరుపుకోలేదు.

స్కూలుకి లెటర్‌లో మూడు మాటలు రాశాను. స్కేలు బదులు చుట్టిన కాగితం. మెడ మీద, కళ్ళ దగ్గర ఏదీ వద్దు. ఎవరు తూచ్ అన్నా అందరూ ఆగాలి. ప్రిన్సిపాల్ గారు మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోది రూలుగా రాయడానికి ఎబ్బెట్టుగా ఉందన్నారు. వేలితో తుపాకీ పేల్చకూడదని స్కూల్లో ఉన్న పాత రూలు అలాగే ఉంది. గ్రౌండు మూలన కోళ్ళ షాపు మాత్రం ఆయా పర్యవేక్షణలో నడుస్తోంది. పాపకి వారంలో రెండు రోజులు ఓనర్ డ్యూటీ.

నాయనమ్మ వాకర్‌తో ఇంటికొచ్చాక ఒకరోజు క్లినిక్‌కి కూడా వచ్చింది. చిన్నా ఆవిణ్ణి కుర్చీలోనే కోడిని చేసి కోశాడు. స్కిన్‌తోనే ఇవ్వమంది, కూరకి రుచి అని. డబ్బులివ్వడానికి ఆవిడ వాకర్ పట్టుకుని లేవబోతే, “మెల్లగా లే నాయనమ్మా, రేపిద్దువులే” అన్నాడు.

ఆరు నెలల తర్వాత చూశాను. ఆటో ఎక్కుతున్నాడు, వెనక సీట్లో మధ్యలో కూర్చుంటాడు. డ్రైవర్ పక్కన మాత్రం కూర్చోడట. దాని జోలికి నేను పోలేదు.